తాడు పట్టినవాళ్ల వాటా

మహాలక్ష్మి తన మొగుడి గొంతును రేకుపెట్టెలో, పెళ్లిచీర మడతలో దాచుకుంది. పోలేరయ్య పోయి నాలుగేళ్లయింది. ఆయన ఫొటోలంటే గోడ మీద రెండున్నాయి, ఆధార్ కార్డు మీద ఇంకొకటుంది. ఆ మూడోదాంట్లో ఏదో తప్పు చేసి దొరికిపోయినవాడిలా ఉంటాడు. గొంతు మాత్రం ఒక్క క్యాసెట్టులోనే ఉంది. దాని మీద నీలం పెన్నుతో ఆయనే వంకరటింకరగా రాసిపెట్టుకున్నాడు: 'వల పాట. చెరపొద్దు.'

తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆ పాళెంలో ఒకప్పుడు అలివి వల లాగేవాళ్లు. పడవ వెళ్లి పెద్ద వలను నీళ్లలో చుట్టూ వదిలి వస్తే, ఒడ్డున ముప్ఫై మంది రెండు జట్లుగా నిలబడి, రెండు తాళ్లూ పట్టుకుని దాన్ని లాగాలి. అంతమంది చేతులూ ఒక్కసారే పడాలంటే పాట కావాలి. పోలేరయ్య ఒక చరణం అందుకునేవాడు, మిగతావాళ్లు 'ఏలేలో' అంటూ ఒక్క గుంజు గుంజేవాళ్లు. చేప ఒడ్డున పడ్డాక, తాడు మీద చెయ్యి వేసిన ప్రతి ఒక్కరికీ వాటా. ముసలివాడు వచ్చి పేరుకు పట్టుకున్నా వాటానే. ఒంట్లో బాగాలేక మధ్యలో వెళ్లిపోయినవాడి వాటా బుట్టలో వేసి ఇంటికి పంపేవాళ్లు. ఈ విషయంలో పాళెం ఎప్పుడూ మాట రానివ్వలేదు.

ఇరవై ఏళ్ల కిందట ఒక ఉదయం పోలేరయ్య టేప్‌రికార్డర్ మోసుకెళ్లి, బోర్లించిన తెప్ప మీద పెట్టి, ఎర్ర మీట నొక్కి ఆ పాటను పట్టేశాడు. ఇదంతా ఎందుకని అడిగితే, తను ముసలివాడై గొంతు పోయాక ఇది పెట్టుకుని లాగమన్నాడు. తీరా ఆయన గొంతు పోకముందే అలివి వల పోయింది. ఇంజను పడవలు వచ్చాయి, పాట పాడితే ఎవరికీ వినపడదు. ఆ తర్వాత టేప్‌రికార్డర్ కూడా ఉప్పుగాలికి తుప్పు పట్టి, ఒకరోజు మూత తెరిస్తే లోపలి చక్రాలు చేతిలోకి ఊడి వచ్చాయి. మహాలక్ష్మికి అప్పటినుంచి ఆ పాట వినే దారి లేకుండా పోయింది. అప్పుడప్పుడు క్యాసెట్టు తీసి, తుడిచి, మళ్లీ పెట్టేది.

కోడలు రోజాయే దారి చూపింది.

"అత్తా, దాన్ని ఫోన్లోకి ఎక్కించుకో. తోటపల్లి గూడూరు సెంటర్లో మైకుసెట్ల జడ్సన్ అన్న ఉండాడు గదా, ఆయన దగ్గర పాత మిషను ఉండాదంట."

జడ్సన్ నలభై దాటిన మనిషి. పెళ్లిళ్లకూ ప్రార్థన కూటాలకూ మైకులు అద్దెకిస్తాడు, మిగతా వేళల్లో ఫోన్లు బాగుచేస్తాడు. మాట తక్కువ, చాదస్తం ఎక్కువ. మహాలక్ష్మి క్యాసెట్టును చేతిరుమాల్లో చుట్టి తీసుకెళ్లి, ఇచ్చి వెళ్లి సాయంత్రం రమ్మని అతనంటే ససేమిరా అంది.

"ఈడనే కూసుంటా అబ్బయా. నువ్వు చెయ్యి, నేను చూస్తా ఉంటా."

అతను ఏమీ అనుకోలేదు. చిన్న స్క్రూడ్రైవరుతో క్యాసెట్టు పెంకు విప్పి, టేపు అంచున పట్టిన తెల్లటి బూజు ఆమెకు చూపించాడు. చెవిలో పెట్టుకునే దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి మిషను తల శుభ్రం చేశాడు. ముందుగా ఎవరికీ పనికిరాని ఒక పాత క్యాసెట్టు వేసి, మిషను టేపును నమలడం లేదని తేల్చుకున్నాడు. అప్పుడు పోలేరయ్య క్యాసెట్టులో పెన్సిలు దూర్చి, మొదటినుంచి చివరిదాకా చేత్తోనే తిప్పాడు.

"బిగుసుకుపోయిన టేపును ఒకేసారి మిషన్లో ఏస్తే తెగిపోతాదమ్మా. ఇది ఒక్కసారి తిరుగుతుందేమో. రెండోసారికి నేను పూచీ కాదు," అన్నాడు.

మిషను నుంచి కంప్యూటరుకు వైరు పెట్టి మీట నొక్కాడు. ముందు అలల చప్పుడు వచ్చింది. తర్వాత ఎవరో దగ్గారు. ఆ దగ్గు వినగానే మహాలక్ష్మి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్ఫై ఐదేళ్లు పక్కన పడుకుని విన్న దగ్గు, పొరబడుతుందా? ఆపైన పాట మొదలైంది. కొట్లో ఉన్న రెండు పెద్ద స్పీకర్లలోంచి పోలేరయ్య లేచి వచ్చి నిలబడ్డట్టే ఉంది.

మూడో చరణంలో ఆయన పెళ్లాం మీదే కట్టాడు.

'ముక్కుపుడక మాలచ్చి ముంగిట్లో కూసోని, మూడు బుట్టలు తెమ్మని మూతి ముడిచెరో...'

'ఏలేలో!' అని ముప్ఫై మంది నవ్వుతూ గుంజారు. జడ్సన్ తల తిప్పి ఆమె ముక్కుపుడక వంక చూసి, మర్యాదగా మళ్లీ కంప్యూటరులోకి చూపు మార్చుకున్నాడు. మహాలక్ష్మికి యాభై ఎనిమిదేళ్ల వయసులో చెవులు వేడెక్కాయి.

చివరి చరణం అయ్యేసరికి టేపు కీచుమని, మిషనులోనే ముడుచుకుని తెగిపోయింది. జడ్సన్ దాన్ని మెల్లగా తీస్తే గోధుమరంగు పొడి అతని వేళ్లకు అంటుకుంది. పాట రాసి ఉన్నది ఆ పొడిలోనేననీ, అది రాలిపోయాక టేపు వట్టి ప్లాస్టిక్ పట్టీ అనీ చెప్పాడు. అదృష్టం, పాట అప్పటికే మొత్తం కంప్యూటరులోకి వచ్చేసింది.

మహాలక్ష్మికి ఒక్కటే నచ్చలేదు. ప్రతి 'ఏలేలో' అయిపోయాక, వెనకాల సన్నగా ఇంకొక 'లో' వినపడుతోంది. పాత టేప్‌రికార్డర్లో అంతగా తెలిసేది కాదు, ఈ స్పీకర్లలో బాగా తెలుస్తోంది.

"ఆ ఎనకాల తోక ఏంది అబ్బయా? టేపు చెడిపొయ్యి అట్లా వస్తా ఉండాదా? దాన్ని కోసెయ్యి."

"కొయ్యొచ్చమ్మా. కానీ మొదట వచ్చినదాన్ని ముట్టుకోకూడదు. దాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, ఇంకో నకలు తీసి దాంట్లో కోసుకోవాల. ఒకసారి కోసేసినాక మళ్లీ అతకడం నా వల్ల కాదు."

"అట్లయితే కోసింది ఇంకోనాడు ఇద్దువులే. ఇప్పటికి ఇది ఫోన్లో పెట్టు."

ఫోన్లో పెట్టాడు. ఆపైన అసలు చాదస్తం మొదలైంది. ఒక నకలు ఫోన్లో ఉండాలన్నాడు. ఇంకొకటి చిన్న మెమరీ కార్డులో వేసి పెట్టెలో దాచుకోవాలన్నాడు. మూడోది ఇంట్లో కాకుండా వేరేచోట, చుట్టాల దగ్గరో ఆన్‌లైన్లోనో ఉండాలన్నాడు. వాన వచ్చినా, దొంగ వచ్చినా, మూడూ ఒకేసారి పోవు కదా అన్నాడు.

మహాలక్ష్మికి ఆ ముక్కుపుడక చరణం చెవుల్లో మోగుతూనే ఉంది.

"నా మొగుడు నన్ను ఎగతాళి చేసింది ఊరందరి ఫోన్లలో మోగాలా? ఏం వద్దు. నా ఒక్కదాని దగ్గరే ఉంటుంది. నీ కంప్యూటరులో ఉండేది కూడా తుడిచెయ్యి. ఇప్పుడే, నా ఎదురుగానే."

జడ్సన్ రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ తుడవమంది. ఒకరి వస్తువు వాళ్లు వద్దన్నాక తన దగ్గర ఉంచుకునే మనిషి కాదతను. తుడిచేశాడు. ఇక ఫోన్ తాళం నంబరు వేసి చూపించమన్నాడు. ఆమె తొణక్కుండా నాలుగు అంకెలు నొక్కింది. జడ్సన్ ఆ అంకెల వైపు కాసేపు చూశాడు.

"ఇది మీ పడవ నంబరు కదమ్మా?"

"అవును. మరిచిపోకుండా ఉంటుందని మా కొడుకు సుధాకర్ పెట్టినాడు. మా పాళెంలో అందరిదీ అంతే."

"అందరిదీనా! పడవ ముక్కు మీద ఇంతింత అంకెలు పెయింటుతో రాయించుకుని, దాన్నే ఫోన్ తాళానికి పెట్టుకున్నారా? తాళంచెవి తలుపుకే మేకు కొట్టి తగిలించినట్టుంది. మార్చుకోండమ్మా."

మారుస్తాలే అని వచ్చేసింది. మార్చలేదు. కొత్త నంబరు గుర్తుపెట్టుకోవడం ఎవరి తరం?

అలాగని ఆమె ఫోన్ విషయంలో అమాయకురాలేం కాదు. బ్యాంకు మేనేజరునంటూ ఒకడు ఫోన్ చేసి, ఇప్పుడొచ్చిన ఓటీపీ చెప్పమ్మా అంటే, "ఏ ఊరు నాయనా మీది? ఎవరి తాలూకు? మీ అమ్మ పేరేంది?" అని వరసపెట్టి అడిగింది. సగంలో వాడే పెట్టేశాడు. అడగకుండా వచ్చిన లింకులు నొక్కొద్దని రోజా చెబితే, అడిగినా నొక్కనంది. బయటివాళ్లనైతే ఆమె బాగానే కాచుకుంది. పాళెంవాళ్లనుంచి కాచుకోవాల్సిన పని ఉంటుందని మాత్రం తోచలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పంచలో చాపేసుకుని, ఫోన్ గుండెల మీద పెట్టుకుని ఆ పాట వినేది. పక్కింటికీ తమకూ మధ్య నడుమెత్తు గోడ. పక్కిల్లు సామ్రాజ్యానిది. ఆమె మొగుడు హజరత్తయ్య పద్దెనిమిదేళ్ల కిందట తుపానులో వేటకు వెళ్లి తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఎండుచేపల వ్యాపారం చేసుకుంటూ, పొదుపు సంఘం నడుపుతూ, ఎవరి మాటా పడకుండా నెట్టుకొచ్చింది. ఒక మధ్యాహ్నం ఆమె గోడ మీద మోచేతులు ఆనించి, పాట అయ్యేదాకా కదలకుండా నిలబడింది.

"వదినె, ఆ పాట నాక్కూడా పంపించవా?"

"నీకెందుకు? నా మొగుడి పాట నాకు. పోయి పని చూసుకో," అంది మహాలక్ష్మి. అంత కటువుగా అనాలని ఆమె అనుకోలేదు, నోట్లోంచి అలా వచ్చేసింది. సామ్రాజ్యం కారణం చెప్పలేదు, రెండోసారి అడగనూ లేదు. చేపలు తిరగెయ్యడానికి వెళ్లిపోయింది. చెప్పి ఉంటే కథ అక్కడే అయిపోయేది, కానీ సామ్రాజ్యం ఎవరినీ రెండోమాట అడిగే మనిషి కాదు.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున సుధాకర్ పడవ ఒడ్డుకు వస్తే, మహాలక్ష్మి బుట్ట అందుకోవడానికి మోకాలి లోతు నీళ్లలోకి దిగింది. రోజూ దిగేదే. ఫోన్ ప్లాస్టిక్ కవరులో చుట్టి నడుం సంచిలో పెట్టుకుంది, అదీ రోజూ పెట్టుకునేదే. వెనకనుంచి వచ్చిన అల ఒకటి ఆమెను బుట్టతో సహా కూలదోసింది. లేచేసరికి బుట్ట ఉంది, సంచి ఉంది, కవరు నిండా సముద్రం ఉంది.

అప్పుడామె తనకు తెలిసిన పని చేసింది. ఉప్పునీళ్లలో తడిసినదాన్ని ఏం చెయ్యాలో ఆ పాళెంలో పుట్టినవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఫోన్‌ను ఎండుతున్న నెత్తళ్ల చేపల పక్కన పరదా మీద ఎండకు పెట్టి, మధ్యాహ్నం చేపలతోపాటు దాన్నీ రెండో పక్కకు తిప్పింది. సాయంత్రానికి ఆరిందని చార్జింగ్ పెట్టింది. ఫోన్ ఒక్కసారి వెలిగి, పచ్చగీత ఒకటి చూపించి ఆరిపోయింది.

మర్నాడు జడ్సన్ దాన్ని విప్పి, లోపల పేరుకున్న ఉప్పు చూసి తల పట్టుకున్నాడు.

"నీళ్లలో పడితే ముందు ఆపెయ్యాలమ్మా. సముద్రం నీళ్లయితే మంచినీళ్లతో కడిగి, ఎండకు కాకుండా నీడలో గాలికి పెట్టి, నేరుగా నా దగ్గరికి తేవాల. ఏం చేసినా చెయ్యకపోయినా, చార్జింగ్ మాత్రం పెట్టకూడదు. ఇంకేం లేదు దీంట్లో."

"పాట?"

అతను స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

"నీ కంప్యూటర్లో ఏ మూలన్నా చూడు నాయనా."

చూశాడు. ఆమె తృప్తికోసం గంటసేపు వెతికాడు. రెండు నెలల్లో ఆ చోటున ఎన్ని పెళ్లిళ్ల పాటలు వచ్చి పడ్డాయో. తెగిన క్యాసెట్టును అతికించి మిషన్లో వేస్తే, వాన కురుస్తున్నట్టు చప్పుడు తప్ప ఏమీ రాలేదు. 'చెరపొద్దు' అని ఆయన రాసిపెట్టుకున్నదాన్ని, ఎదురుగా కూర్చుని, రెండుసార్లు అడిగినా వినకుండా తానే చెరిపించింది. ఆటోలో వస్తూ దారి పొడవునా ఆ మాటే అనుకుంది. పోలేరయ్య పోయిననాడు నలుగురూ ఉన్నారు, అందరి మధ్యా ఏడ్చింది. ఈసారి పోయింది గొంతేనని ఎవరికి చెప్పి ఏడుస్తుంది? రెండు రోజులు అన్నం సయించలేదు. సుధాకర్ కొత్త ఫోన్ కొని తెచ్చి ఒళ్లో పెడితే, కవరు కూడా విప్పలేదు.

మూడోరోజు పొద్దున సామ్రాజ్యం గోడ చుట్టూ తిరిగి, వాకిట్లోంచి వచ్చింది. ఎప్పుడూ గోడ మీదనుంచే మాట్లాడే మనిషి అలా రావడం మహాలక్ష్మికి వింతగా అనిపించింది. వచ్చి, చాప చివర కూర్చుని, తన ఫోన్ ముందు పెట్టింది.

"తిడితే తిట్టు వదినె. ముందు ఇది విను."

అలల చప్పుడు. దగ్గు. పాట.

మహాలక్ష్మి ఆ ఫోన్‌ను రెండు చేతులా లాక్కుని చెవికి ఆనించుకుంది. కళ్లనీళ్లు ధారగా కారుతుంటే తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. ముక్కుపుడక చరణం వచ్చింది, పోయింది. ఇంకో రెండు చరణాలయ్యాక గానీ, ఇది సామ్రాజ్యం ఫోన్లోకి ఎలా వచ్చిందన్న అనుమానం రాలేదు. వచ్చాక మాత్రం మంటెత్తుకొచ్చింది.

"నీ దగ్గరికి ఎట్లొచ్చిందే?"

"ఆ మజ్జ చినుకులు పడితే నువ్వు చేపలు లోపలెయ్యడానికి పొయ్యినావు గదా, ఫోన్ అరుగు మీద ఉండింది. మీ పడవ నంబరు నాకు తెలీదా? వాట్సాప్‌లో నాకు పంపుకుని, నీ ఫోన్లో ఆ ముక్క చెరిపేసినా."

"సిగ్గులేదా? అడిగితే ఇయ్యనన్నానని దొంగతనం చేస్తావా? నా మొగుడి గొంతు నీకెందుకే?"

"నీ మొగుడి గొంతు నాకెందుకు?" సామ్రాజ్యం గొంతు పెంచలేదు. "అలివి వల లాగిననాడు తాడు మీద మా ఆయన చెయ్యి కూడా ఉండింది వదినె. చేపలో వాటా ఇచ్చినారు. పాటలో లేదా?"

సామ్రాజ్యం చెయ్యి చాపి, పాటను కొంచెం వెనక్కి జరిపింది.

"మనుషులు తక్కువైననాడు నేనూ తాడు దగ్గర నిలబడేదాన్ని. నువ్వు బుట్టల దగ్గర ఉండేదానివి, నీకు తెలీదు. మా ఆయన అన్నిట్లో నిదానం గదా, తాడు కాడ కూడా అంతే. అందరూ అన్నాక అనేవాడు. మగోళ్లంతా నవ్వేవాళ్లు. అదో, విను."

'ఏలేలో!' అని ముప్ఫై గొంతులు ఒక్కసారిగా లేచి ఆగాయి. ఆగాక, ఎవరూ లేని ఆ ఖాళీలో, ఒక్కడు తీరుబడిగా తన వంతు అన్నాడు.

'...లో.'

మహాలక్ష్మికి అప్పుడు తెలిసింది. తోక. కోసెయ్యమన్న తోక. ఆ రోజు జడ్సన్ చాదస్తం చెయ్యకుండా తన మాట విని ఉంటే, ఈ లోకంలో హజరత్తయ్యది మిగిలిన ఆ ఒక్క అక్షరం కూడా ఉండేది కాదు. ఆయనకు ఫొటో కూడా లేదు, రేషన్ కార్డు మీద ఉన్నది ఎప్పుడో చెరిగిపోయింది. పక్కింట్లో ఇరవై ఏళ్లు అన్నా అని పిలిచిన మనిషి గొంతును టేపు చెడిపోవడం అనుకుంది. సిగ్గుతో తల వాలిపోయింది.

"దాన్ని కోసెయ్యమని చెప్పినా సామ్రాజ్యం," అంది చివరికి. దాచుకుంటే దాగేదే, కానీ దాచుకోబుద్ధి కాలేదు.

సామ్రాజ్యం ఫోన్ మీద పడ్డ కన్నీళ్లను చెంగుతో తుడిచింది.

"కొయ్యలేదు గదా," అంది.

ఆ సాయంత్రమే మహాలక్ష్మి రోజాను కూర్చోబెట్టి, పాట పట్టిన రోజు తాడు పట్టినవాళ్ల పేర్లన్నీ చెప్పి రాయించింది. సామ్రాజ్యం సాయం పట్టింది. ముప్ఫై మందిలో పదకొండుమంది లేరు. ఉన్నవాళ్లకు వాళ్ల ఫోన్లకే పంపారు, లేనివాళ్లకు పెళ్లాలకో పిల్లలకో పంపారు. ఫోన్ లేని నాగులమ్మ ఇంటికి రోజాయే వెళ్లి వినిపించి వచ్చింది. మర్నాటికి పాళెంలో ఏ పంచలో చూసినా మాలచ్చి మూతి ముడుస్తూనే ఉంది. మహాలక్ష్మి నీళ్లకు వెళితే ముసలివాళ్లు 'మూడు బుట్టలు చాలా?' అని అడిగారు. చాలవంది.

జడ్సన్ దగ్గరికి వెళ్లి మెమరీ కార్డులో ఒకటి వేయించి, చెడిపోయిన క్యాసెట్టుతోపాటు పెట్టెలో పెట్టుకుంది. అతని కంప్యూటరులో ఒకటి ఉంచమంది. ఇంకోసారి వద్దన్నా తుడవొద్దని కూడా చెప్పింది. జడ్సన్ కొత్త ఫోన్‌కు తాళం పెట్టిస్తూ, పడవ నంబరు కాకుండా ఇంకేదైనా అనుకోమనీ, పేపరు మీద రాయొద్దనీ, ఎవరికీ చెప్పొద్దనీ మూడుసార్లు అన్నాడు. మహాలక్ష్మి బుద్ధిగా తలాడించింది. ఇంటికి వచ్చి, గోడ మీదనుంచి పిలిచి, సామ్రాజ్యానికి చెప్పింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు చాప మీద ఇద్దరు కూర్చుంటున్నారు. మొన్నొకరోజు వాళ్లు అలా వింటుంటే రోజా లోపల్నుంచి వచ్చింది. ఆఖరి చరణం అయింది, ఆఖరి 'ఏలేలో' కూడా అయింది. పాట అయిపోయింది కదా అని రోజా ఫోన్ తియ్యబోయింది. మహాలక్ష్మి కోడలి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండవే. హజరత్తయ్య ఇంకా అనలేదు."